ఆఖరి నాలుగు బైట్లు

పచ్చగీత ఇంకా సగం కూడా పాకలేదు, అది తెర చివరికి చేరేలోగా నేను అవుననాలో కాదనాలో తేల్చుకోవాలి, అవునంటే మేనల్లుడు రాసిన మార్పు కెర్నెల్లోకి వెళ్తుంది, కాదంటే వాడి ఏడాది కష్టం చెత్తబుట్టలోకి, నెలాఖరుకి వాడు ఇంట్లోకి, ఆ సంగతి మేనేజరమ్మ అందరిముందే చెప్పింది, కొత్త మార్పుతో కూడా మెషిన్ పాత వేగం అందుకుంటేనే ఈ అబ్బాయి ఉద్యోగం పొడిగించమని నేను పైవాళ్ళని అడగగలను, లేకపోతే నోరు మెదపలేను, మీ మాటమీదే వదిలేస్తున్నాను పెద్దాయనా అని, నవ్వుతూనే చెప్పింది, నవ్వుతూ చెప్పేవాళ్ళని నేను నమ్మను, నవ్వకుండా చెప్పేవాళ్ళని అసలే నమ్మను. అందుకే టెస్టు నడిచే ఈ గంటసేపూ నా బల్ల దగ్గర కూర్చోకుండా మెషిన్ల గదిలోకి వచ్చి కాపలా కూర్చున్నాను, బయటైతే ఎవడో వచ్చి టీ తాగుదాం రండి అంటాడు, టీ తాగి వచ్చేసరికి గీత రంగు మారి ఉంటుంది. ఇక్కడ చలి, ఫ్యాన్ల రొద, ఒక చక్రం ఊడిన కుర్చీ, అక్క అల్లిన స్వెట్టరు, ఆ స్వెట్టరుకి ఒక చెయ్యి పొడుగు, ఇంకో చెయ్యి పొట్టి, అడిగితే నీ చేతులే అలా ఉన్నాయిరా అంది. అద్దం గోడకి అవతల మేనల్లుడు మేనేజరమ్మతో ఏదో చెప్తున్నాడు, ఆవిడ తలూపుతోంది, ఇద్దరూ ఒక్కసారి ఇటు చూశారు, నేను తెరవైపు చూస్తున్నట్టు నటించాను, నటించడమెందుకు, తెర చూడ్డానికేగా వచ్చింది.

వాడు అడిగింది చోటు. చీటీ రాసుకోవడానికి చోటు. మీరిద్దరూ పొద్దస్తమానం ఏంచేస్తార్రా అని అక్క ఒకసారి అడిగితే, మెషిన్ కడుపులో కెర్నెల్ అని ఒక ఇంటిపెద్ద ఉంటాడక్కా, బయటినుంచి వచ్చే ప్రతి మూటా వాడి గడప దాటాలి, గడప దగ్గర మేం దానిమీద చిన్న చీటీ అంటిస్తాం, ఎక్కడినుంచి వచ్చింది, ఏ వరసలో నిలబెట్టాలి, తనిఖీ అయిందా లేదా అని, లోపలివాళ్ళు ఆ చీటీ చూసుకుని పని కానిస్తారు, పనయ్యాక చించేస్తారు అని చెప్పాను, అంతా విని ఇంత చదివి మూటలు మోస్తున్నారన్నమాట అని తేల్చేసింది. ఆ చీటీ ముప్పై రెండు బైట్లు దాటకూడదని కట్టడి. ముప్పై రెండంటే ముప్పై రెండు ఇంగ్లీషు అక్షరాలు, మన అక్షరాలైతే పదికి మించి పట్టవు, ఇంటిపేరుతో కలిపి రాస్తే నా పేరే అందులో ఇమడదు. ఎందుకు ముప్పై రెండే అంటే ఎవరూ నికరంగా చెప్పరు, కొత్తగా చేరినవాళ్ళకి మాత్రం నేను చెప్తాను, ఆ కట్టడి పెట్టినాయనకి నిండుగా ముప్పై రెండు పళ్ళుండేవి, ఒక పన్ను ఊడుంటే ముప్పై ఒకటే ఇచ్చేవాడు, మన అదృష్టం కొద్దీ ఆయన వేపపుల్ల నమిలేవాడు అని, ఒకమ్మాయి దాన్ని శ్రద్ధగా రాసుకుంది కూడా. వాడేమో ఆ కట్టడి ఎత్తేసి రెండువందల యాభై రెండు చెయ్యాలంటాడు, చీటీ పొడుగుని రాసుకునే గడి ఒక్క బైటు, దాంట్లో రెండువందల యాభై అయిదుకి మించిన అంకె పట్టదు, చీటీ ఎప్పుడూ నాలుగేసి బైట్లుగానే పెరగాలి, కాబట్టి రెండువందల యాభై రెండు, లెక్క సరిగ్గానే ఉంది, లెక్క సరిగ్గా ఉన్నచోటే నాకు దురద పుడుతుంది. వాడి చీటీ నేను కొలిచాను, సరిగ్గా ముప్పై రెండు, ఒక్క బైటు ఎక్కువ లేదు. నీకు సరిపోయింది కదరా, ఇంకా ఎందుకు అంటే, ఉండనివ్వండి సార్, పనికొస్తుంది అన్నాడు.

సార్ అన్నాడు. అందరిముందూ సార్ అనే అంటాడు, అనాలి కూడా, కానీ ఆ రోజు మెట్లమీద మేమిద్దరమే ఉన్నాం, అయినా సార్ అన్నాడు, పుట్టినప్పటినుంచీ మామయ్యా మామయ్యా అంటూ నా చొక్కా పట్టుకుని తిరిగినవాడు, నా ఒళ్ళో కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాడు. అంటున్నప్పుడు చెవులు కదిలాయి. ఆ చెవులు మా బావవి, అదే నా భయం. మా బావ చెవులు ఎంతంటే గాలి ఎక్కువగా ఉన్న రోజు ఆయన పక్కవాటంగా నడిచేవాడు, లేకపోతే వెనక్కి కొట్టుకుపోయేవాడు, పేకాటకి కూర్చుంటే ఎడమచెవి వెనక మూడు ముక్కలు, కుడిచెవి వెనక జోకరు, ఒకసారి ఆట మధ్యలో తుమ్మితే ఆరు రాణులు రాలాయి, పేకకి నాలుగే కదా బావా అంటే, ఆడవాళ్ళ లెక్కలు మనకెందుకోయ్ అన్నాడు. పాపం పోయినవాణ్ణి అనకూడదు, పోతూ పోతూ కూడా నా చెయ్యి పట్టుకుని వాణ్ణి చూసుకోవోయ్ అన్నాడు, చూసుకో అంటే ఏ అర్థంలో అన్నాడో, ఓ కన్నేసి ఉంచమన్నాడో ఏమో, నేను మాత్రం ఓ కన్నేసే ఉంచాను. వాడికి అబద్ధం చెప్పడం తెలియదని అక్క అంటుంది, నా అక్క ముప్పయ్యేళ్ళు ఆ పేకాటరాయుడితో కాపురం చేసి ఆయనకి పేక కలపడం రాదనే అనుకుంది.

ఇంకోటి, హెల్మెట్టు. వాడి బండికి రెండు హెల్మెట్లుంటాయి. ఒకటి వాడిది, రెండోది నాది, మొన్నమొన్నటిదాకా వెనక కూర్చుని నేనూ ఆ బండిమీదే వచ్చేవాణ్ణి, ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు. ఈ చోటు గొడవ మొదలయ్యాక నడుంనొప్పి అని చెప్పి బస్సెక్కుతున్నాను, నడుం నిక్షేపంలా ఉంది, బస్సులో అయితే వాడికన్నా ముందొచ్చి వాడి తెరమీద ఏముందో చూడొచ్చు, వాడు వెళ్ళాక వెనక మిగలొచ్చు. నేను ఎక్కనప్పుడు ఆ రెండో హెల్మెట్టు ఇంట్లో పడెయ్యాలా లేదా? రోజూ తెస్తాడు, రోజూ మోచేతికి తగిలించుకుని మెట్లెక్కుతాడు, బల్లకింద పెడతాడు, సాయంత్రం మళ్ళీ తగిలించుకుని దిగుతాడు. ఎవరికోసం? పిల్లయితే చెప్పొచ్చు, నేనేమైనా అడ్డమా, అక్కకంటే ముందు నేనే ఒప్పుకుంటాను. చెప్పడంలేదంటే పిల్ల కాదు. పక్క వీధిలో మాకు పోటీగా పనిచేసే ఆఫీసు ఉంది, అక్కడివాడెవడైనా వెనక ఎక్కుతున్నాడా, దారిపొడుగునా మా కెర్నెల్ కబుర్లు చెవిలో పోయించుకుంటున్నాడా, అంత చెవులున్నవాడి దగ్గర్నుంచి ఏదైనా రాబట్టొచ్చు.

గీత సగం దాటింది. వేగం చూపించే అంకె ఎక్కడున్నది అక్కడే, పాత వేగంలో మూడోవంతు. మార్పు వేసిన మొదట్లో ఇలా లేదు, గుర్రంలా పరిగెత్తింది, ఆ తర్వాతే కుంటడం మొదలుపెట్టింది, మంచిగుర్రానికి ఉన్నట్టుండి కుంటు వచ్చిందంటే ఎవడో డెక్కలో మేకు దిగ్గొట్టాడనే కదా. నాకు మొదటినుంచీ అనుమానమే, అందుకే నా జాగ్రత్తలో నేనున్నాను, కాపలా పెట్టాను. వచ్చే మూటల్లో, అదే ప్యాకెట్లలో, కొన్నిటిని వాడు పక్కకి మళ్ళించి ఎక్కడికైనా పంపుతున్నాడేమోనని, వాడి చీటీ అంటించాక దాని తోకకి నాది ఒక చిన్న వరస నెంబరు తగిలించాను, గడప దగ్గర వేస్తాను, లోపల సరిచూసుకుంటాను, మధ్యలో ఏ నెంబరు మాయమైనా దొంగ దొరికాడన్నమాట. ఒకటొకటిగా పెంచితే ఎవడైనా మధ్యలో దొంగ నెంబరు దూర్చేస్తాడు, అందుకని నేనెప్పుడూ ఏడేసి పెంచుతాను, లోకంలో ఏడో ఎక్కం తొందరగా చెప్పగలిగిన దొంగ ఇంతవరకూ పుట్టలేదు. ఎవరికీ చెప్పలేదు, కాపలా ఉందని చాటింపు వేస్తే ఇక కాపలా ఎందుకు. ఒక్క నెంబరు కూడా పోలేదు. రోజూ చూస్తున్నాను, అన్నీ భద్రంగా లోపలికి చేరుతున్నాయి. ఇంత శుభ్రంగా ఉందంటేనే నాకు అనుమానం రెట్టింపైంది, మా తాత అనేవాడు, ఎలుకలు లేని ఇంట్లో పిల్లిని నమ్మకు అని. ఆ తాత సంగతే వేరు. అలమరలో తేనెజాడీ పెట్టి, ఇంట్లో ఎవరో నాకేస్తున్నారని ఆయనకి పట్టుకుంది, అటు వెళ్ళినప్పుడల్లా వేలు ముంచి లోతు చూసేవాడు, వేలు ఊరికే తుడుచుకోలేడు కదా, తగ్గింది, ఖాయంగా తగ్గింది అని గొణుక్కుంటూ వెళ్ళేవాడు, చివరికి జాడీ అడుగంటింది, ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి మూతులు వాసన చూస్తుంటే, గుమ్మంలోంచి చీమలు బారుతీరి వచ్చాయి, ఎవరినీ చూడలేదు, తిన్నగా తాత కాళ్ళమీదుగా పాకి మీసమెక్కాయి, తెల్లగా వెన్నముద్దలా ఉండే మీసం అందరూ చూస్తుండగానే నల్లబడింది, అది చూసి మా నాయనమ్మ ఈయనకి వయసు తిరిగొచ్చిందని మురిసిపోయింది.

జేబులో ఫోను వణికింది. అక్క. ఈ సమయంలో చెయ్యదు, చేసిందంటే వీడు చేయించాడా, నా మనసు మెత్తబరచడానికా అనుకుంటూనే ఎత్తాను. వాడు పొద్దున కూడా అన్నం సగం వదిలేసి వెళ్ళాడని, రాత్రంతా గదిలో లైటు వెలుగుతూనే ఉందని, ఏమైందంటే ఏమీ లేదమ్మా అంటాడని చెప్పుకుపోయింది. నేను ఊ కొట్టాను. తర్వాత గొంతు తగ్గించింది.

"ఒరే తమ్ముడూ, మీ ఇద్దరికీ ఏమైందిరా? వాడేమో మామయ్యకి నామీద కోపమొచ్చిందేమో అంటాడు, నువ్వేమో నడుంనొప్పి అంటావు. నీ నడుం సంగతి నాకు తెలీదా, మొన్న బీరువా జరిపావు."

బీరువా జరిపింది చూసిందన్నమాట. ఈ ఇంట్లో అందరూ అందరినీ చూస్తూనే ఉన్నారు. పనిలో ఉన్నానక్కా అని పెట్టేశాను. లైటు రాత్రంతా వెలిగిందట, కష్టపడేవాడి గదిలో లైటు వెలుగుతుంది, దొంగ గదిలోనూ వెలుగుతుంది, దాన్నిబట్టి ఏం చెప్పగలం, అన్నం వదిలేశాడు, భయపడ్డవాడు వదిలేస్తాడు, బాధపడ్డవాడూ వదిలేస్తాడు. కోపమొచ్చిందేమో అన్నాడట, మామయ్యకి, మామయ్య అనే అన్నాడట.

అద్దానికి అవతల మేనేజరమ్మ చెయ్యి ఎత్తి గడియారం చూపించింది. గీత చివరికొస్తోంది. పోనీ, కాదనడానికైనా కారణం కావాలి కదా, పెద్దాయన ముసలితనంతో కాదన్నాడు అనిపించుకోకూడదు, అని తెర కిందకి జరిపి లోపలి లెక్కలు చూశాను. అక్కడ దొరికింది. కట్టలు, సున్నా. ఒక్క కట్ట కూడా కట్టలేదు. కెర్నెల్ గడప దాటాక కట్టలు కట్టే చోటొకటుంది, ఒకే కబురు తాలూకు ముక్కలు వరసగా వస్తే వాటిని విడివిడిగా మొయ్యరు, కట్టకట్టి ఒక్క మోతలో పైకి చేరుస్తారు, వేగమంతా అక్కడే ఉంది, ఒకే ఇంటికి వెళ్ళేవాళ్ళని పది బళ్ళెక్కిస్తామా. అయితే కట్టేముందు చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తారు, అచ్చంగా ఒకేలా ఉంటేనే కట్ట, ఒక్క బైటు తేడా ఉన్నా ఎవరి దారి వారిది, ఇల్లు ఒకటే అయినా సరే. ఈ పాఠం కొత్తవాళ్ళకి ఏటా నేనే చెప్తాను. కట్టలు సున్నా అంటే, వీడు ప్రతి చీటీమీదా ఏదో వేరేది రాస్తున్నాడు, ఎవరు ఎప్పుడు ఏం చూశారో గుట్టుగా గుర్తులు పెడుతున్నాడు, ఇందుకా చోటు, ఇందుకా రెండువందల యాభై రెండు, దొరికావురా బావ కొడకా. ఒళ్ళంతా చురుకు పుట్టింది, చలి మర్చిపోయాను. వరసగా వచ్చిన మూడు ప్యాకెట్లని ఆపి వాటి చీటీలు ఒకదానికింద ఒకటి పరిచాను. మొదటి నాలుగు బైట్లు, మూడింట్లోనూ ఒకటే. తర్వాతి నాలుగు, ఒకటే. వేలుపెట్టి చదువుకుంటూ వెళ్ళాను, ఒకటే, ఒకటే, ముప్పై రెండోదాకా గువ్వపిట్టల్లా ఒకేలా కూర్చున్నాయి. ఆ తర్వాత ఇంకో నాలుగు. అక్కడ తేడా. ఎవడ్రా నువ్వు అనుకుంటూ ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాను. ఏడు. తర్వాతది తీసేశాను. ఏడు.

మీసంమీద ఏదో పాకినట్టయింది, చేత్తో తుడుచుకున్నాను.

కాపలావాణ్ణి ఇంటిమనుషుల్లో ఎవరు లెక్కేస్తారు? అందుకే లెక్కెయ్యలేదు. గుర్రం కుంటింది ఎప్పటినుంచో గుర్తుతెచ్చుకుంటున్నాను, గుర్తుచేసుకోకూడదనీ అనుకుంటున్నాను, నేను నెంబరు తగిలించిన మర్నాటినుంచే. అది కూడా ఎక్కడ తగిలించాను, ముప్పై రెండూ వాడు నింపేశాక ముప్పై మూడో బైటులో, వాడు ఇంకా చోటు అడిగాడని నేను వాణ్ణి దొంగనుకున్నాను, వాడు అడిగిన చోట్లో మొదట మకాం పెట్టింది నేను. ఆ చోటు లేకపోతే నా కాపలాకి నిలబడ్డానికి గజం నేల లేదు. ఇప్పుడు ఈ గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నాలుగు బైట్లు తీసెయ్యడానికి ఒక వరస చెరిపితే చాలు, చెరిపేసి, మెషిన్లో నెట్‌వర్కు కార్డు వేడెక్కింది, చల్లారాక సర్దుకుంది అంటే నమ్మని వాడుండడు, పళ్ళ కథ నమ్మినవాళ్ళు ఇది నమ్మరా. చెరిపాను. టెస్టు మళ్ళీ మొదలుపెట్టాను. కట్టలు అనే చోట సున్నా ఒక్క క్షణం నిలబడి, ఇక అంకెలు ఆగకుండా పెరిగాయి, వేగం లేచింది, మూడోవంతు నుంచి సగానికి, సగం నుంచి నిండుకి, పాతదానికంటే రవ్వంత పైకే.

తలుపు తెరుచుకుంది, మేనల్లుడు. మీటింగుకి పిలుస్తున్నారని చెప్పి తెరవైపు చూశాడు. నేను వాడి మొహమే చూస్తున్నాను, ఆశ్చర్యపోతాడని, ఎలా వచ్చిందని అడుగుతాడని, అడిగితే చెప్పడానికి కార్డు కథ నాలుకమీద పెట్టుకునే ఉన్నాను. వాడు ఆశ్చర్యపోలేదు. ఊపిరి మాత్రం వదిలాడు, చాలారోజులుగా బిగబట్టినట్టు.

"తీసేశావా మామయ్యా."

అడిగినట్టు కూడా లేదు. ఆ మాటకి నాలుకమీది కథ కరిగిపోయింది. ఎప్పుడు చూశావురా అన్నాను. మొదట్లోనే అన్నాడు, నా చీటీ ముప్పై రెండు, మెషిన్లో చూస్తే ముప్పై ఆరు, ఎవరిదా అనుకున్నాను, చూస్తే ఏడేసి పెరుగుతోంది.

"ఏడేసి పెంచేది ఎవరో నాకు తెలీదా? నాకు ఏడో ఎక్కం నేర్పింది నువ్వేగా."

మరి చెప్పవేం, నీ ఉద్యోగం ఊడే దాకా వస్తే, అన్నాను, నా గొంతు నాకే పెద్దగా వినబడింది. చెప్తే మీటింగులో అందరిముందూ నిన్ను అడుగుతారు, ఎందుకు పెట్టారని, నువ్వేం చెప్తావు అన్నాడు. ఇంట్లో చెప్దామంటే నువ్వు బస్సులో వస్తున్నావు, వచ్చి పడుకుంటున్నావు, నిజంగా నామీద కోపమొచ్చిందనుకున్నాను, సార్ అని పిలిస్తేనన్నా తిడతావేమోనని చూశాను, తిట్టలేదు అన్నాడు. అప్పుడు నేనడిగాను, అన్నాళ్ళూ నన్ను తొలిచింది, అసలు నీకు ముప్పై రెండు సరిపోతే ఇంకా ఎందుకు అడిగావురా అని.

"ముప్పై రెండూ నేనే తినేస్తే, తర్వాత వచ్చేవాళ్ళు ఎక్కడ రాసుకుంటారు?" చెవి గోక్కున్నాడు. "ఆ వచ్చేది నువ్వే అనుకోలేదు."

మీటింగు గదికి నడుస్తుంటే వాడు నా పక్కకి జరిగి, కార్డుదే తప్పని చెప్దాం, నేను చెప్తాను, నువ్వు ఊరుకో అని గుసగుసలాడాడు, నాకు వచ్చిన అబద్ధమే వాడికీ వచ్చింది, పెంపకం ఎక్కడికి పోతుంది. బల్లకింద రెండు హెల్మెట్లూ కనబడ్డాయి, ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. సాయంత్రం బస్సేనా అన్నాడు. ఎందుకురా అన్నాను. అది మోసి మోసి మోచెయ్యి నొప్పెడుతోంది అన్నాడు.

మేనేజరమ్మ కుర్చీ చూపించింది, నేను కూర్చోలేదు. కూర్చుంటే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే కథ వస్తుంది. వాడు నోరు తెరవబోయాడు, చేత్తో ఆపాను.

"మెషిన్ కుంటింది నా వల్ల. వాడి చీటీ సరిగ్గానే ఉంది, దాని తోకకి నేనొక నెంబరు కట్టాను. తీసేశాక పాత వేగం దాటింది. కట్టడి పెంచడానికి నాది అవును."

మేనేజరమ్మ నవ్వలేదు, నవ్వకుండా నన్నే చూస్తూ, ఎందుకు కట్టారు పెద్దాయనా అని అడిగింది. అనుమానంతో అన్నాను. ఎవరిమీద అంది. అందరి తలలూ మేనల్లుడివైపు తిరిగాయి, వాడు బల్లవైపు చూస్తున్నాడు, రెండు చెవులూ ఎర్రబడి కిటికీ వెలుగులో మెరుస్తున్నాయి, అచ్చం ఆ పేకాటరాయుడి చెవులు.

"వాళ్ళ నాన్నమీద," అన్నాను.

వాడే ముందు నవ్వాడు. తర్వాత ఆవిడ నవ్వింది, తర్వాత అందరూ, నా వంతు నాకూ వచ్చింది, నవ్వుతూనే అనుకున్నాను, మొదట్లోనే చూశానన్నాడు కదా, మెషిన్లో చీటీ పొడుగు కొలిచి మరీ చూశాడంటే నామీద వీడూ ఏదో కాపలా పెట్టే ఉంటాడు, ఎక్కడ పెట్టాడో సాయంత్రం బండి వెనక కూర్చుని అడగాలి.